పెట్టె వేడెక్కేదాకా

ఫోను చేసింది నజ్మా. బందర్లో నేనొకప్పుడు పనిచేసిన షాపు కరీం మావయ్య కూతురు. "అక్కా, అబ్బా పోయి నలభై రోజులు దాటాయి. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, సోమవారం షాపు గది కొట్టేస్తారంట. నీ పెట్టె నువ్వొచ్చి తీసుకెళ్ళు" అంది. నీ పెట్టె అంది చూడండి. ఆయన పోయిన కబురు ఆ రోజే తెలిసినా నేను వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులన్నాను. మోకాళ్ళు నొప్పులే, అందులో అబద్ధం లేదు. కానీ వెళ్ళకపోవడానికి కారణం మాత్రం మోకాళ్ళు కావు. ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటి నలభై ఏళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. చెప్పాల్సిన మనిషే పోయాక ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం తొక్కను?

అయినా వెళ్ళాను. గుడివాడలో పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పాలిటెక్నిక్ చదువై ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతికొచ్చాక మూడేళ్ళపాటు రోజూ ఎక్కిన బండి అది. అప్పట్లో గుడ్లవల్లేరులో కూరగాయల గంపలు ఎక్కేవి, పెడనలో అద్దకం బట్టల మూటలు ఎక్కేవి, ఆ మూటల రంగువాసనకి నాకు తలనొప్పి వచ్చేది. రైలుపెట్టెలో ఉన్న ఆడవాళ్ళందరికీ నేనెవరో, ఎక్కడికి వెళ్తున్నానో, ఇంకా పెళ్ళెందుకు కాలేదో కావాలి. రేడియో రిపేరు షాపులో పనిచేస్తున్నానంటే ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. ఈసారి నన్నెవరూ ఏమీ అడగలేదు. అందరూ ఫోన్లలోకి తలలు దించుకుని కూర్చున్నారు. నాకు అదీ మంచిదే అనిపించింది, మాట్లాడే ఓపిక లేదు.

షాపులో ఏమీ మిగల్లేదు. బల్లలు అమ్మేశారు, గోడలకి మేకులే ఉన్నాయి. ఒక మూల చెక్క స్టూలు మీద ఆ పెట్టె మాత్రం ఉంది. బూడిదరంగు ఇనప పెట్టె, ముందు పలక మీద ఎనిమిది గాజు బుడ్డీలు, వాటి కింద అరిగిపోయిన మీటలు. నేను ఏమీ ఆలోచించకుండానే దాని వెనక కుడి మూల మీద అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత, పనిచేసే మనిషి లేని షాపులో, ఆ పెట్టె వెచ్చగా ఉంది. నజ్మా వంక చూశాను. "ఆ ప్లగ్గు తియ్యొద్దని అబ్బా చెప్పారు గదా. ఇంట్లో ఎవరం తియ్యలేదు" అంది, అదేదో మామూలు సంగతన్నట్టు.

ఆ పెట్టె సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. దాన్ని ఫ్రీక్వెన్సీ కౌంటర్ అంటారు. బోటు మీద వైర్‌లెస్ సెట్టు ఉంటుంది, ఒడ్డున హార్బరు షెడ్డులో ఇంకో సెట్టు ఉంటుంది. ఇద్దరూ ఒకే అంకె మీద మాట్లాడితేనే ఒకరి మాట ఒకరికి వినపడుతుంది. ఆ అంకె సరిగ్గా ఉందో లేదో లెక్కపెట్టి చూపించేది ఈ పెట్టె. సెట్టుకి తీగ తగిలిస్తే గాజు బుడ్డీల్లో నారింజరంగు అంకెలు వెలుగుతాయి. అది చూసుకుంటూ సెట్టు లోపలి చిన్న మరని సన్న స్క్రూడ్రైవరుతో ఇటో వెంట్రుక వాసి, అటో వెంట్రుక వాసి తిప్పాలి. మద్రాసులో పాత సామాన్ల బజారులో దొరికితే కరీం మావయ్య బస్సు టాపు మీద వెయ్యనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారట. అప్పటికే అది పాతది. ఏడో బుడ్డీలో మూడు అంకె సగమే వెలిగేది. విజయవాడ ఇవతల అలాంటిది ఇంకోటి లేదని ఆయన నమ్మకం. నిజమో కాదో నేనెప్పుడూ కనుక్కోలేదు.

పెట్టెతోపాటు దాని పుస్తకం కూడా వచ్చింది. లావుపాటి ఇంగ్లీషు మాన్యువల్. విప్పితే బల్లంత పొడుగు పరుచుకునే సర్క్యూట్ బొమ్మలు, కాఫీ మరకలు, ఎవరో తెల్లవాడి పెన్సిలు రాతలు. మావయ్యకి ఉర్దూ వచ్చు, తెలుగు ముత్యాల్లా రాసేవారు, ఇంగ్లీషు మాత్రం రేడియో భాగాల పేర్ల వరకే. నన్ను పనిలో పెట్టుకున్నది సగం ఆ పుస్తకం కోసమే. మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చి, టీ గ్లాసు పట్టుకుని, "ఊఁ, చదువమ్మా పద్మా" అనేవారు. నేనో పేరా చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. నేను అర్థంకాక దాటేసిన వాక్యం దగ్గర కళ్ళు తెరిచి, "ఇక్కడేదో మింగేశావు, మళ్ళీ చదువు" అనేవారు. ఎలా తెలిసేదో! నాకు ఒళ్ళు మండేది. డిప్లొమా చదివింది నేనా, ఈయనా అనుకునేదాన్ని. మళ్ళీ చదివేసరికి ఆయన చెప్పిందే నిజమయ్యేది.

బందరు గాలికి ఇనుం నిలవదు, కాగితం నిలవదు. అందుకని మాన్యువల్ని చెక్క బీరువాలో పెట్టి, లోపల ఒక చిన్న బల్బు ఎప్పుడూ వెలిగేటట్టు పెట్టారు. చెమ్మ పట్టకుండా బల్బు, పురుగు పట్టకుండా కలరా ఉండలు. బీరువా తెరవగానే వెచ్చటి కలరా ఉండల వాసన మొహాన కొట్టేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఇరవై ఏళ్ళే. షాపు నిండా సోల్డరింగ్ పొగ, బోటు సెట్లు తుడిచే స్పిరిటు ఘాటు, వెనకింట్లోంచి బీబీ అత్తయ్య చింతపండు పులుసు పొంగు. మా అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం అత్తయ్య లాక్కుని తినేసి, నాకు కిచిడీ, ఖట్టా అనే ఆ పులుసూ పెట్టేది. తనకి పెరుగన్నం ప్రాణం. సాయంత్రం ఇంటికెళ్తే మా అమ్మ నా చేతులు వాసన చూసి మొహం ముడుచుకునేది, కానీ మర్నాడు పెరుగన్నం ఇంకాస్త ఎక్కువ కట్టేది.

ఆ పెట్టె లోపల గోరంత క్రిస్టల్ ఒకటి ఉంటుంది, అదే దాని ప్రాణం. దాని చుట్టూ చిన్న హీటరు. ఎప్పుడూ ఒకటే వేడిలో ఉంటేనే ఆ క్రిస్టల్ సరిగ్గా లెక్కపెడుతుంది, చల్లబడితే లెక్క తప్పుతుంది. తప్పుతున్నానని చెప్పదు కూడా. అంకెలు అంతే అందంగా, అంతే ధీమాగా వెలుగుతాయి. అందుకే హీటరు ఎప్పుడూ ఆరిపోకూడదు. కరెంటు పోయినా ఆగకుండా మావయ్య దాన్ని లారీ బ్యాటరీకి కలిపి, ఆ ప్లగ్గుకి ఎర్రదారం కట్టారు. ఎర్రదారం ప్లగ్గు ఎవరూ ముట్టుకోరు. ఎప్పుడైనా ఆరిపోతే మళ్ళీ పెట్టాక కనీసం గంట ఆగందే పెట్టెని నమ్మొద్దని మాన్యువల్లో నల్లటి అక్షరాల్లో ఉంది. అది చదివి ఆయనకి చెప్పింది నేనే. ఆయన ఆ పేజీ అంచున తెలుగులో "గంట" అని రాసుకుని చుట్టూ సున్నా చుట్టారు.

రోజూ పొద్దున ఆయన మొదటి పని పెట్టె మీద చెయ్యి పెట్టడం. పిల్లలకి జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి, ఒక్క క్షణం ఉంచి, తలాడించేవారు. ఆ తర్వాతే మిగతా పని. ఇంకో పద్ధతి కూడా పెట్టారు. మాన్యువల్ చివర తెల్లకాగితాలు కొన్ని ఉండేవి. ఏ సెట్టు సరిచేసినా అక్కడ రాయాలి. చేసినవాళ్ళు "సరి" అని రాస్తే, పక్కన పెట్టె తాకి చూసినవాళ్ళు సంతకం పెట్టాలి. ఒక్కరే రెండూ చెయ్యకూడదు. "నీ చేతిని నేను నమ్మాలి, నా చేతిని నువ్వు నమ్మాలి, సముద్రంలో ఉన్నోడు మనిద్దర్నీ నమ్మాలి" అనేవారు. ఉద్యోగంలో చేరాక రకరకాల రిజిస్టర్లు చూశాను. అంత తిన్నగా నడిచిన రాత మళ్ళీ ఎక్కడా చూడలేదు.

బోటువాళ్ళలో నాకు బాగా గుర్తున్నది గంగరాజు. మంగినపూడి పక్కన పల్లె. ఇరవై అయిదు, ఇరవై ఆరు ఉంటాయేమో, నవ్వితే పైపన్ను విరిగింది కనపడేది. సెట్టుని పాత లుంగీలో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చేవాడు. "ఇంజినీరమ్మగారండీ, మా సెట్టుకి జలుబు చేసిందండి. కాసింత గొంతు సరిచెయ్యండి" అనేవాడు. నేను బిగుసుకుని కూర్చునేదాన్ని, నవ్వితే చులకనవుతానేమోనని. ఊళ్ళో నన్ను ఇంజినీరమ్మ అన్న మొదటి మనిషి, చివరి మనిషి కూడా అతనే. ఒకసారి ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టి తెచ్చాడు. మా ఇంట్లో చేపలు తినరని చెప్పలేక తీసుకుని అత్తయ్యకిచ్చాను. రెండోసారి వచ్చినప్పుడు "ఎలాగున్నాయండి?" అంటే బాగున్నాయని అబద్ధం చెప్పాను.

ఇక అసలు సంగతి. మా అమ్మది దివిసీమ, కోడూరు దగ్గర. ఉప్పెనలో మా అమ్మమ్మ, తాతయ్య, అమ్మ అన్నదమ్ములిద్దరూ పోయారు. ఆ తర్వాత మా ఇంట్లో గాలి అంటే చాలు ఒక తంతు ఉండేది. రేడియోలో తుఫాను అన్న మాట వినపడగానే అమ్మ ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ పీకేసేది, నేల మీద ఉన్నవన్నీ పైకెక్కించేది, బియ్యం డబ్బా, కాగితాలు అటక మీదికి పోయేవి. మాకు అప్పటినుంచీ అదే నేర్పు. చేతులు వాటంతటవే చేసేస్తాయి. మా ఇల్లనే ఏముంది, ఆ సీమలో ఏ ఇంట్లో చూసినా ఇంతే.

ఆ ఏడు కార్తీకమాసంలో రేడియో తుఫానని చెప్పిన రోజున మావయ్య షాపులో లేరు. అత్తయ్యా నజ్మా చల్లపల్లిలో పుట్టింట్లో ఉంటే తీసుకొద్దామని పొద్దున్నే వెళ్ళారు. షాపు తాళంచెవి నాకిచ్చారు. మధ్యాహ్నానికి ఆకాశం రాగిరంగుకి తిరిగింది, గాలి మొదలైంది. గుడివాడకి ఆఖరి బండి వెళ్ళే వేళైంది, ఇక పరిగెత్తాలి. నేను గబగబా ప్లగ్గులన్నీ పీకాను. సెట్లు బల్లల మీదికి ఎక్కించాను. నీళ్ళొస్తే బ్యాటరీ మునుగుతుందని దాని తీగ కూడా లాగేశాను. ఎర్రదారం చేతికి తగిలింది. తగిలినట్టు నాకు గుర్తుంది, అదే నా ఖర్మ. కానీ ఆ క్షణంలో నా చేతులు నావి కావు, అమ్మవి. తాళం వేసి స్టేషనుకి పరిగెత్తాను.

తుఫాను బందర్ని ఏమీ చెయ్యలేదు, పక్కకి తిరిగి ఒంగోలువైపు పోయింది. బండ్లు మాత్రం రెండు రోజులు నడవలేదు. మూడో రోజు పొద్దున షాపు తలుపు తియ్యగానే నేల మీద పడున్న ఎర్రదారం కనపడింది. చెయ్యి పెట్టి చూస్తే పెట్టె మంచుగడ్డ. గబుక్కున ప్లగ్గు పెట్టేశాను, దారం బిగించి కట్టాను. గంట ఆగితే చాలు, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాను. పావుగంట కాకముందే చల్లపల్లి బస్సు దిగి మావయ్య వచ్చేశారు. ఆయన వెనకే లుంగీమూటతో గంగరాజు, అతని వెనక ఇంకో ఇద్దరు బోటువాళ్ళు. తుఫాను తర్వాత చేప దండిగా పడుతుందట, అందరూ సముద్రం నీరు తీసే ఆ ఆటులోనే బయల్దేరాలని తొందర. ఆ ఆటు తప్పితే వేట మొత్తం అవతలి రేవులవాళ్ళకి పోతుందని గంగరాజు గుమ్మంలో నిలబడి ఒకటే గోల.

మావయ్య చెప్పులు విడిచి లోపలికొచ్చి, రోజూలాగే పెట్టె వెనక మూల మీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి రోజూ కంటే ఎక్కువసేపు ఉంది. ఆయన నా వంక చూసి, "ఏమ్మా పద్మా, చేద్దామా?" అన్నారు.

చెప్పొచ్చు. ఎర్రదారం తీశాను మావయ్యా, గంట ఆగుదాం అంటే సరిపోయేది. ఆయన కోప్పడే మనిషి కూడా కాదు. కానీ ఇంట్లో మా నాన్న అప్పటికే ఆడపిల్లకి ఈ రిపేర్లేమిటి, చిన్నమాట వచ్చినా మానిపిస్తానని రోజూ చెవిలో జోరీగలా మోగుతున్నారు. ఇంజినీరమ్మ అని పిలిచే మనిషి ఎదురుగా ఉన్నాడు. ప్లగ్గు పీకిన ఇంజినీరమ్మని అవడానికి నాకు నామోషీ అయింది. నోట్లోంచి వచ్చింది ఇంకో మాట. "చేద్దాం మావయ్యా" అన్నాను.

ముందొచ్చాడు గనక గంగరాజు సెట్టే మొదట చేశాను. బుడ్డీల్లో అంకెలు చక్కగా వెలిగాయి. మరని తిప్పి, అంకెకి అంకె కలిపాను. తర్వాత మిగతా రెండు. మాన్యువల్ చివర "బోటు సెట్లు మూడు. సరి" అని రాశాను. మావయ్య కలం తీసుకుని, కాసేపు పట్టుకుని, సంతకం పెట్టారు. హార్బర్లో సెట్టు బిగించి ఒడ్డుతో మాట్లాడి చూసుకున్నారు, గంట కొట్టినట్టు వినపడిందట. దగ్గర్లో ఎందుకు వినపడదు? కొంచెం తేడా ఉన్నా దగ్గర్లో మాట నిలుస్తుంది. దూరం పెరిగి గొంతు సన్నబడ్డాకే ఆ తేడా మాటని మింగేస్తుంది.

రెండో రోజున సముద్రంలో బాగా లోపలికి వెళ్ళాక గంగరాజు బోటు ఇంజను ఆగిపోయింది. ఒడ్డున షెడ్డులో సెట్టు దగ్గర కూర్చునే మనిషికి ఏదో గొంతు వినపడిందట. నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టు ఉందట, ఒక్క మాట తెలియలేదట. ఏదో వేరే ఊరి బోటులే అనుకున్నాడు. ఆరో రోజున నిజాంపట్నంవైపు బోటువాళ్ళకి కొట్టుకుపోతున్న బోటు కనపడింది. నలుగురు బతికారు. గంగరాజు అంతకుముందు రోజే పోయాడు. తాగే నీళ్ళు అయిపోయినా సెట్టు దగ్గర్నుంచి లేవలేదట, బ్యాటరీ చచ్చిపోయాక కూడా మైకు చేత్తో పట్టుకునే ఉన్నాడట. "మన సెట్టు ఇప్పుడే సరిచేయించుకొచ్చా, ఎందుకు పలకరు, పలుకుతారు" అని మిగతావాళ్ళకి చెబుతూ ఉన్నాడని తర్వాత తెలిసింది. నేను సరిచేసిన సెట్టు అది.

ఆ సెట్టు తిరిగొచ్చాక మావయ్య ఒక్కరే కూర్చుని, వెచ్చటి పెట్టె మీద దాన్ని చూశారు. అంకెలో మూడు కిలోసైకిల్స్ తేడా. మిగతా రెండు సెట్లకీ అంత తేడా లేదు, అప్పటికి పెట్టె కాస్త వేడెక్కింది గదా. మర్నాడు హార్బరు షెడ్డులో బోటువాళ్ళందరూ కూడిన చోట ఆయన నిలబడి, "తప్పు నాది. నా పెట్టె తప్పు చూపించింది" అన్నారు. అంతే. నేను గుమ్మం పక్కన ఆడవాళ్ళలో నిలబడి ఉన్నాను. నాకు రెండు బారల దూరంలో గంగరాజు పెళ్ళాం పోలేరమ్మ కూర్చునుంది, ఏడవడం కూడా లేదు. అప్పుడైనా నేనో అడుగు ముందుకేసి ఉండాలి. వెయ్యలేదు. ఎంత గొప్ప మనిషి, పెట్టె చేసిన తప్పు తన నెత్తిన వేసుకున్నాడు అని నా పక్కనున్నావిడ కళ్ళు ఒత్తుకుంది. నేనూ తలాడించాను. నా మీద నాకు అసహ్యం పుట్టింది ఆ తలాడింపు దగ్గరే.

ఆ తర్వాత బోటు సెట్లు ఆ షాపుకి రాలేదు, మావయ్యా రమ్మనలేదు. రేడియోలు, ఆ పైన టీవీలు, ఆ పైన ఏదో కాలక్షేపం. మాన్యువల్ చదవమనడం మానేశారు. నాలుగు నెలలకి నాకు విజయవాడలో టెలిఫోన్ల పని దొరికితే దేవుడు కరుణించాడనుకుని పారిపోయాను. పారిపోవడమే, ఇంకో మాట లేదు. ముప్పై అయిదేళ్ళ సర్వీసు చేసి, మంచి టెక్నీషియన్ని అనిపించుకుని రిటైరయ్యాను. రంజాన్‌కి ఫోను చేసేదాన్ని. "బాగున్నావామ్మా, ఒకసారి రా" అనేవారు. వస్తాననేదాన్ని. ఏదో పని మీద బందరు వెళ్ళినా ఆ వీధి చుట్టు తిరిగి పోయేదాన్ని.

ఇప్పుడు బోట్ల మీద చెయ్యంత సెట్లు వచ్చాయి. ఎక్కడున్నదీ ఆకాశంలోంచి చూసి చెబుతాయి. వాటిని ఎవరూ తిప్పక్కర్లేదు, తాకి చూడక్కర్లేదు, పాడైతే పారేసి ఇంకోటి కొనుక్కుంటారు. మంచిదే. ఇవి ఆ రోజుల్లో ఉంటే గంగరాజు ఇవాళ మనవల్ని ఎత్తుకునేవాడు. పాతవన్నీ బంగారం అనే మాట ఎవరైనా అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కానీ ఒకటి మాత్రం పోయింది. ఒక మనిషి చేసిన పనిని ఇంకో మనిషి చేత్తో తాకి చూసి సంతకం పెట్టడం అనేది. పెట్టినా మేం ఏం నిలబెట్టామని!

ఇవన్నీ ఖాళీ షాపులో నిలబడి నజ్మాకి చెప్పేశాను. అనుకుని చెప్పలేదు, పెట్టె మీద చెయ్యి ఉండగా అదే బయటికొచ్చింది. ప్లగ్గు పీకింది నేను, తెలిసీ చెప్పంది నేను, మీ నాన్న పేరు పోయింది నా వల్ల అన్నాను. ఆ రోజుల్లో పదేళ్ళ పిల్ల, ఇప్పుడు తనకీ జుట్టు నెరిసింది. నజ్మా నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. తను స్టూలు పక్కన నేల మీద చతికిలబడింది.

"అబ్బాకి తెలుసక్కా" అంది. "పెట్టె చల్లగా ఉందని ఆ రోజే చేతికి తెలిసిందంట. చివర్లో మంచం మీదున్నప్పుడు అదే మాట. చల్లగా ఉంది, తెలిసీ సంతకం పెట్టాను అనేవారు. వాళ్ళు గుమ్మంలో తొందరపెడుతున్నారు, పోన్లే ఏమవుతుందిలే అనుకున్నారంట."

గోడకి ఆనుకున్నాను. మరి నన్నెందుకు అడగలేదు అన్నాను.

"అడిగారు గదా" అంది నజ్మా. "'చేద్దామా అని ఆ పిల్లని అడిగాను. వద్దంటే ఆగుదామనుకున్నాను. నేను చెప్పాల్సిన మాట చిన్నపిల్ల నోటితో చెప్పించాలనుకున్నాను' అనేవారు. ఊళ్ళోవాళ్ళ ముందు పెట్టె తప్పన్నారు గానీ, చెయ్యి పెట్టి చూశానన్నది ఎవరికీ చెప్పలేదు. నువ్వొస్తే చెబుదామని చూశారక్కా. ప్రతి రంజాన్‌కీ అనేవారు, ఈసారి వస్తుందేమో అని."

నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్ళూ ఆయన నా పాపం మోస్తున్నారని నేననుకున్నాను, తన పాపం నా నెత్తిన పడిందని ఆయననుకున్నారు. మధ్యలో ఉన్నది గుడివాడ నుంచి బందరు, గంటన్నర ప్రయాణం. పోలేరమ్మ కూడా రెండేళ్ళ కింద పోయిందని నజ్మా చెప్పింది. మావయ్య ఏడాదికోసారి వాళ్ళ పల్లె వెళ్ళి, అరుగు మీద కూర్చుని, వాళ్ళ రేడియో బాగుచేసి వచ్చేవారట. ఆమెకీ చెప్పలేదట. చెప్పడానికి ఇప్పుడు ఇక ఎవరూ లేరు.

పెట్టె తీసుకెళ్ళాలంటే ప్లగ్గు తియ్యాలి. నజ్మా తను తియ్యలేనంది. నేను వంగి, ఎర్రదారం ముడి విప్పాను. దారం రంగు పోయి తెల్లబడింది, కానీ అది నేను వేసిన ముడే. అమ్మ బియ్యం మూటకి వేసే ముడి. ఆయన దాన్ని ఇన్నేళ్ళలో ఒకసారీ విప్పలేదు. ప్లగ్గు లాగాను. ఈసారి నా చేతులు నావే.

ఆటోవాడు సాయంపట్టి బండిలో సీటు మీద పెట్టాడు. పక్కనే కూర్చుని వెనక మూల మీద చెయ్యి వేశాను. పెడన దాకా వెచ్చగానే ఉంది. వడ్లమన్నాడు దగ్గర గోరువెచ్చన. కవుతరం దాటాక నా చేతి వేడో, దాని వేడో తెలియలేదు. గుడివాడలో దిగేసరికి చల్లబడిపోయింది.

ఇంటికొచ్చి, పెట్టెతోపాటు నజ్మా ఇచ్చిన మాన్యువల్ తెరిచాను. ఇంకా కలరా ఉండల వాసన. "గంట" అని సున్నా చుట్టిన పేజీ దాటి చివరి కాగితాలు తిప్పాను. దొరికింది. నా ఇరవై ఏళ్ళ వయసునాటి గుండ్రటి అక్షరాలు, "బోటు సెట్లు మూడు. సరి." పక్కన ఆయన సంతకం. కలం తీసి "సరి" కొట్టేశాను. దాని కింద, "మొదటి సెట్టు గంగరాజుది. పెట్టె చల్లగా ఉండగా చేశాను. ప్లగ్గు తీసింది నేను" అని రాసి నా పేరు పెట్టాను. పెట్టె తాకి చూసినవాళ్ళు సంతకం పెట్టే చోటు దాని పక్కన ఉంది. ఆ చోటు ఖాళీగానే ఉంది.